చెడుగుడు తెలిసిన వారికి రగ్బీ దూరం కాదు

కోసిగి: కబడ్డీలో పట్టు విలువ తెలిసిన పల్లె ప్రేక్షకునికి రగ్బీని అభిమానించడం కష్టమేమీ కాదు. 2025 జూన్‌లో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ బరిలోకి దిగడంతో తెలుగువారికి తమదని చెప్పుకొనేందుకు ఒక జట్టు దొరికింది. అయితే ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ ముంబయిలోనే జరిగాయి. కోసిగి మీదుగా సాగే రైలు మార్గం అటే పోతుంది గానీ ఆట కోసం అంత దూరం వెళ్లగలవారు అరుదు. అందుకే టీవీ ముందు కూర్చునే అభిమాని ముందుగా ఆట తీరును గ్రహించాలి.

ఈ లీగ్‌లో జట్టుకు ఏడుగురే. బంతిని చేతబట్టి ఎంత దూరమైనా పరుగెత్తవచ్చు. సహచరునికి చేత్తో అందించేటప్పుడు మాత్రం పక్కకో, వెనక్కో విసరాలి. ముందుకు విసరడం తప్పు. కొత్తవారిని తికమక పెట్టేది ఇదే. పట్టు కూడా బంతి ఉన్న ఆటగాడిపైనే, అదీ భుజాలకు దిగువనే. కబడ్డీలో పట్టుబడినవాడు ఔటై బయటకు వెళ్తాడు. ఇక్కడ నేలకొరిగినవాడు వెంటనే బంతిని వదిలి, లేచి మళ్లీ ఆటలో కలవాలి. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ‘ట్రై’, 5 పాయింట్లు. ఆపై బంతిని గోలు స్తంభాల నడుమ, అడ్డకర్ర మీదుగా తన్నితే మరో 2.

అభిమానం ఎంతవరకు పోగలదో ఫిజీలో చూడాలి. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కిన తెలుగు కూలీలు చేరిన దీవులవి. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో 43-7తో బ్రిటన్‌ను ఓడించి ఆ దేశం తన తొలి ఒలింపిక్ పతకాన్ని, అదీ స్వర్ణాన్ని గెలుచుకుంది. మరుసటి ఏడాది ఆ జట్టు పేరిట ఏకంగా 7 డాలర్ల నోటునే ముద్రించారు.