ఖందఖ్ నీడలో క్రీట్ దీవి

ఖందఖ్ అనగానే మనకు మదీనా గుర్తుకొస్తుంది. హిజ్రీ 5వ సంవత్సరంలో శత్రుసేనలు దండెత్తి వచ్చినప్పుడు హజ్రత్ సల్మాన్ ఫారసీ (రజి) ఇచ్చిన సలహాపై దైవప్రవక్త ముహమ్మద్ (స) తన సహచరులతో కలిసి తవ్విన కందకం అది. అరబీ 'ఖందఖ్' ఎంత దూరం ప్రయాణించిందంటే, కోట చుట్టూ తవ్విన అగడ్తను మనం తెలుగులో కందకం అంటున్నది కూడా ఆ మాటతోనే. అదే మాట మరో దిక్కున మధ్యధరా సముద్రం మీదుగా వెళ్లి, గ్రీకు దేశపు దీవిలో ఒక మహానగరానికి పేరైంది.

ఆ దీవి క్రీట్. గ్రీకు దీవులన్నింటిలోకీ పెద్దది. తూర్పు పడమరలుగా సుమారు 260 కిలోమీటర్ల పొడవున కొండలతో, ఆలివ్ తోటలతో ఉంటుంది. అరబ్బులు దాన్ని ఇక్రీతిష్ అన్నారు. ముస్లింలు ఈ దీవికి రెండుసార్లు వచ్చారు, రెండుసార్లు వెళ్లిపోయారు. మొదటిసారి వచ్చినవారు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న కాందిశీకులు. రెండోసారి వెళ్లినవారు కాందిశీకులయ్యారు.

మొదటి కథ స్పెయిన్‌లో మొదలవుతుంది. క్రీ.శ. 818లో, అంటే హిజ్రీ 202 రమజాన్ నెలలో, ఖుర్తుబా నగరం రగిలిపోయింది. అమీర్ అల్ హకమ్ వేసిన పన్నుల భారం, అతని కిరాయి సైనికుల ఆగడాలు జనాన్ని విసిగించాయి. కత్తులు సానబట్టే ఒక పనివాణ్ణి సైనికుడొకడు చంపడంతో నిప్పు రాజుకున్నదంటారు. నదికి ఆవలనున్న పేట జనం అమీర్ భవనం మీదికి వెళ్లారు. సైనికులు వెనుకనుంచి వెళ్లి వారి ఇళ్లకు నిప్పంటించారు. పెళ్లాం బిడ్డల కోసం జనం వెనుదిరిగారు, తిరుగుబాటు అక్కడితో చితికిపోయింది. అమీర్ మూడు వందల మందిని శిలువ వేయించాడు. పేటను నేలమట్టం చేయించి, మిగిలినవారిని మూడు రోజుల్లో దేశం విడిచిపొమ్మన్నాడు. ముస్లిం పాలకుడు ముస్లిం ప్రజలపై చేసిన ఘోరమిది. దీన్ని దాచిపెట్టి అందలుస్ వైభవాన్ని మాత్రమే చెప్పుకోవడం న్యాయం కాదు.

వెళ్లగొట్టబడినవారిలో కొందరు మొరాకోలోని ఫెజ్ నగరం చేరారు. అక్కడి అందలుస్ పేట వారు కట్టుకున్నదే. మరికొందరు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా చేరి, ఆ నగరాన్ని కొన్నేళ్లపాటు చేజిక్కించుకున్నారు. బాగ్దాదు ఖలీఫా మామూన్ పంపిన సేనాని అబ్దుల్లా ఇబ్న్ తాహిర్ వచ్చి వారిని అక్కడినుంచీ కదిలించాడు. ఖలీఫా రాజ్యంలో కాకుండా ఇంకెక్కడికైనా వెళ్లండి అన్నది షరతు. అప్పుడు వారికి నాయకుడు అబూ హఫ్స్ ఉమర్. ఖుర్తుబా దగ్గరి ఫహ్స్ అల్ బల్లూత్ ప్రాంతంవాడు కనుక అల్ బల్లూతీ అన్నారు. తరువాత అల్ ఇక్రీతిషీ అని పేరు నిలిచింది. నలభై ఓడలలో వారు క్రీట్ తీరం చేరారు. 820 దశకం చివరి సంవత్సరాల మాట ఇది. దీవి అప్పుడు కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి ఏలుబడిలో ఉండేది.

దిగగానే అబూ హఫ్స్ ఓడలను తగులబెట్టించాడని, భార్యాబిడ్డల సంగతేమిటని అనుచరులు గోల పెడితే 'ఇక్కడే మీకు భార్యలు దొరుకుతారు' అన్నాడని ఒక కథ ఉంది. రాసినవారు గ్రీకు చరిత్రకారులు. తారిఖ్ గురించి కూడా ఓడలు కాల్చిన కథ ఉన్నదే కదా! కుటుంబాలతో సహా దేశం వదిలినవారు భార్యల కోసం వెనక్కి చూశారంటే నమ్మబుద్ధి కాదు. కాకపోతే ఒక్కటి నిజం. వారికి తిరిగి వెళ్లే చోటు లేదు, ఓడలు కాల్చినా కాల్చకపోయినా.

ఉత్తర తీరాన వారు కోట కట్టి చుట్టూ లోతైన కందకం తవ్వారు. ఆ ఊరు ఖందఖ్. గ్రీకుల నోట అది ఖాందాకస్, తరువాత వెనిస్ వర్తకుల నోట కాందియా అయింది. కొన్ని శతాబ్దాలపాటు యూరప్ వారు మొత్తం దీవినే కాందియా అని పిలిచారు. నేడది హెరాక్లియన్ నగరం. అక్కడొక వీధికి ఇప్పటికీ ఖాందాకస్ పేరే.

అబూ హఫ్స్ వంశం 961 వరకు దీవిని ఏలింది. గ్రీకు గ్రంథాలలో ఈ రాజ్యం సముద్రపు దొంగల స్థావరం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఇక్కడి ఓడలు గ్రీకు తీరాలను కొల్లగొట్టాయి. 904లో థెస్సలోనికి నగరాన్ని దోచినప్పుడు చెరపట్టిన వేలమందిలో చాలామందిని ఈ దీవిలోనే అమ్మారు. అయితే కథ అంతటితో అయిపోలేదు. ఈ అమీర్ల పేర్లు చెప్పే గ్రంథాలు అంతగా మిగలలేదు గానీ, నాణేలు మిగిలాయి. బంగారం, వెండి, రాగి నాణేలు దొరికాయి. జార్జ్ మైల్స్ అనే పండితుడు వాటిమీది పేర్లు చదివి, తండ్రి తరువాత కొడుకుగా వంశక్రమాన్ని తేల్చాడు. మూడు లోహాలలో నాణేలు ముద్రించుకున్న రాజ్యం ఉత్త దోపిడీ మీద బతికిందనలేం. పంటలూ, వర్తకమూ, పన్నులూ అన్నీ ఉండి ఉండాలి.

దీవిని తిరిగి గెలవడానికి చక్రవర్తులు పదేపదే సేనలు పంపి ఓడిపోయారు. చివరకు 960 వేసవిలో నికెఫోరస్ ఫోకస్ అనే సేనాని భారీ నౌకాదళంతో వచ్చి ఖందఖ్‌ను ముట్టడించాడు. ముస్లిం రాజ్యాలకు సాయం కోసం కబుర్లు వెళ్లాయి. ఒకరినొకరు అనుమానించుకుంటూ ఎవరూ కదలలేదు. చలికాలమంతా ఆకలితో గడిచింది. 961 మార్చి ఆరంభంలో గోడ కూలింది. ఊచకోత జరిగింది, మిగిలినవారు బానిసలయ్యారు. ఆ కొల్లసొమ్ములో కొంత అథోస్ పర్వతంపై క్రైస్తవ మఠం కట్టడానికి వెళ్లింది. ఫోకస్ రెండేళ్లకు చక్రవర్తి అయ్యాడు.

చివరి అమీర్ అబ్దుల్ అజీజ్‌ను కుటుంబంతో సహా కాన్‌స్టాంటినోపుల్ తీసుకువెళ్లి ఊరేగించారు. తరువాత జాగీరు ఇచ్చారు. మతం మార్చుకుని ఉంటే పెద్ద పదవే దక్కేది, ఆయన మారలేదు. కొడుకు నూమాన్ మాత్రం చక్రవర్తి సైన్యంలో చేరాడు. గ్రీకులు అతణ్ణి అనెమాస్ అన్నారు. 971లో డాన్యూబ్ ఒడ్డున రష్యన్లతో జరిగిన యుద్ధంలో శత్రురాజు స్వ్యాతోస్లావ్ మీదికి గుర్రాన్ని ఉరికించి, అతణ్ణి కత్తితో కొట్టి, అక్కడే చుట్టుముట్టబడి చనిపోయాడు. తాతలనాడు తమ వంశంతో పోరాడిన రాజ్యం కోసం ప్రాణమిచ్చాడు. తండ్రి అప్పటికి ఉన్నాడో లేడో, ఉంటే ఏమనుకున్నాడో!

వెనిస్ పాలన నాలుగు శతాబ్దాల పైమాటే, అది మరో కథ. 1645లో ఉస్మానియా తుర్కులు వచ్చారు. కాందియా కోట ముట్టడి 1648 నుంచి 1669 వరకు, ఇరవై ఒక్క సంవత్సరాలు సాగింది. దాన్ని ముగించినవాడు ప్రధానమంత్రి కొప్రూలూ ఫాజిల్ అహ్మద్ పాషా. మదరసాలో పాఠాలు చెప్పిన విద్వాంసుడు, ఇరవైల వయసులోనే ప్రధానమంత్రి అయినవాడు. కోట లొంగినప్పుడు, ఓడినవారు సామాన్లతో ఓడలెక్కి వెళ్లడానికి ఒప్పందం చేసి మాట నిలుపుకున్నాడు. 961ని గుర్తుంచుకుని చదివితే ఈ విషయం విలువ తెలుస్తుంది.

ఆ తరువాత దీవివాసులలో చాలామంది ఇస్లాం స్వీకరించారు. అయినా ఇంట్లో, బజారులో గ్రీకే మాట్లాడారు. గ్రీకులోనే పాటలు కట్టుకున్నారు. తెలుగు మాట్లాడే మనకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. ఈ దీవిలో పుట్టిన ఘనులలో అలీ అజీజ్ ఎఫెందీ ఒకరు. 'ముహయ్యలాత్' అనే అద్భుత కథల పుస్తకం రాశారు. రాయబారిగా బెర్లిన్ వెళ్లి 1798లో అక్కడే కన్నుమూశారు. ప్రష్యా రాజు ఆయన సమాధికి స్థలం ఇచ్చాడు. బెర్లిన్‌లోని తుర్కీ శ్మశానవాటికకు మూలం ఆ సమాధే.

పందొమ్మిదో శతాబ్దం తిరుగుబాట్లతో, ప్రతీకారాలతో గడిచింది. రెండువైపులా రక్తం కారింది. 1898లో దీవికి స్వయంపాలన వచ్చాక వేలాది ముస్లింలు వలసపోయారు. సుల్తాన్ అబ్దుల్ హమీద్ కొందరిని సిరియా తీరాన స్థిరపరిచాడు. ఆయన పేరుతో వెలసిన హమీదియా ఊళ్లో ఇటీవలి దాకా పెద్దలు క్రీట్ యాసలో గ్రీకు మాట్లాడుకునేవారు. 1913లో దీవి గ్రీసులో కలిసింది. 1923 జనవరిలో లోజాన్‌లో జరిగిన ఒప్పందం మిగిలినవారినీ కదిలించింది. తుర్కీలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు తుర్కీకి వెళ్లాలి. ఇష్టాయిష్టాలు అడగలేదు. భాష చూడలేదు, మతం చూశారు. గ్రీసు పక్షాన అక్కడ కూర్చున్న వెనిజెలోస్ స్వయంగా క్రీట్‌లోనే పుట్టినవాడు. పంపించివేయబడినవారు ఆయన ఊరివారూ, ఆయన భాషవారే.

అయ్వలిక్‌లో, జుందాలో, బోద్రుమ్‌లో దిగినవారికి తుర్కీ భాష సరిగా రాదు. గ్రీకులో మాట్లాడుకుంటుంటే స్థానికులు 'సగం కాఫిర్లు' అని వెక్కిరించారు. క్రీట్‌లో వాళ్లు తుర్కులు, తుర్కీలో వాళ్లు గ్రీకులు.

హానియా రేవులో 1645 నాటి విజయం తరువాత కట్టిన గుమ్మటాల మసీదు నీటి అంచున ఇప్పటికీ ఉంది. నమాజు లేదు, కళా ప్రదర్శనలు జరుగుతాయి. ఆ రేవులోనే, ఆఫ్రికా సంతతికి చెందిన సాలిస్ అనే ముస్లిం పడవ నడుపుకుంటూ, అందరూ వెళ్లిపోయాక కూడా ఉండిపోయాడు. ఊరంతా అతణ్ణి ఎరుగును. 1967లో చనిపోయాడు.