కాకి పాటపిట్టే, కోయిల కాదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దిక్కు ఏ ఊర్లె అడిగినా ఒకటే మాట చెప్తరు: పాట కోయిలది, గోల కాకిది. సైన్సును అడిగితే లెక్క తిరగబడ్తది. పాటపిట్టల గుంపుల కాకి ఉంటది, కోయిల ఉండదు. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట గూడ ఉండదు.

ఎందుకట్ల? పిట్టలను గుంపులు చేసేటప్పుడు గొంతు తియ్యగున్నదా అని చూడరు, సుట్టరికం చూస్తరు. పిట్టలకు ఊపిరి గొట్టం రెండుగ చీలే కాడ గొంతు పలుకుతది. పాటపిట్టలకు అక్కడ సన్నసన్న కండలు శానా ఉంటయి. కాకికి ఉన్నయి, కోయిలకు అన్ని లేవు. కాళ్లు గూడ వేరే. కాకికి మూడు వేళ్లు ముందుకు, ఒకటి ఎన్కకు. కోయిలకు రెండు ముందుకు, రెండు ఎన్కకు.

పైరూపం నమ్మితే ఎట్ల పొరబడ్తమో ఆస్ట్రేలియాల లైర్‌బర్డ్‌ను చూస్తే తెలుస్తది. కోడంత ఉంటది. నేల మీదనే తిరుగుకుంట, కాళ్లతోని ఆకులు గెలికి పురుగులు ఏరుకుంటది. వేరే పిట్టల కూతలు అచ్చం దించుతది. 1790ల చివర్ల దాన్ని చూసిన తెల్లోళ్లు తోకను, నడకను చూసి నెమలి, అడవికోడి కుటుంబం అనుకున్నరు. తర్వాత గొంతు కోసి చూస్తే పాటపిట్ట అని తేలింది.

డీఎన్ఏ చదివినంక ఇంకో సంగతి బయటపడ్డది. పాటపిట్టల చెట్టుకు మొట్టమొదలు చీలిన కొమ్మ లైర్‌బర్డ్‌దే. నేల మీద తిరిగే స్క్రబ్‌బర్డ్ అనే చిన్న పిట్ట దాని దగ్గరి సుట్టం. అంటే పాటపిట్టల మూలం ఆస్ట్రేలియా దిక్కున్నది. అక్కడికెళ్లి లోకమంత పాకి, ఇయ్యాల దాదాపు 5,000 జాతులైనయి. లోకంల ఉన్న పిట్టజాతులల్ల ఇంచుమించు సగం ఇవే.

సాగర్ ఎడమ కాల్వ కింద బర్రె మీద కూసునే పసులపోలిగాడు, దున్నిన చెల్కల పురుగులేరే గోరింక, చింతచెట్టు కింద గుంపుగ ఆకులు తిరగేసే మట్టిరంగు పిట్టలు, అన్నీ ఆ చెట్టు కొమ్మలే. కోయిల గుడ్లను తన గూట్ల పొదిగి పెంచే కాకి గూడ అంతే.

శాస్త్రం పెట్టిన పేరు లోకమంత ఒకటే ఉంటది, పుస్తకంల దొరుకుతది. ఊరి పేరు అట్ల కాదు. 1862-64ల జెర్డన్ అనే డాక్టరు తన పక్షుల పుస్తకంల తెలుగు పేర్లు గూడ రాసిపెట్టిండు. మన అవ్వతాతల నోట్లె ఇంకెన్ని పేర్లున్నయో! ఫోన్ల ఫొటో తియ్యుర్రి, ఆ పేరు అడిగి కింద రాయుర్రి. వాళ్లు పోయినంక అడుగుదామంటే చెప్పెటోళ్లు ఉండరు.