గగనవిహారిణి బెస్సీ కోల్‌మన్

నేర్పువారు లేరని విద్యను విడిచినవారు లోకమున పెక్కుమంది గలరు. గురువును వెదకికొనుచు సముద్రము దాటిన వనితలు మాత్ర మరుదు. అట్టి యొక ధీరురాలి చరిత్రమును సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమున 1892వ సంవత్సరము జనవరి 26వ తేదీని నల్లజాతి కుటుంబమున బెస్సీ కోల్‌మన్ జన్మించెను. ఆమె బాల్యముననే తండ్రి యిల్లు విడిచి పోయెను. తల్లి సూజన్ పరుల యిండ్ల పనిచేసి బిడ్డలను పెంచెను. పత్తి తీయు దినములలో బాలికకు బడి లేదు, చేనే బడి. పెరిగిన పిమ్మట పరుల బట్టలుతికి కూడబెట్టిన సొమ్ముతో కళాశాలలో చేరెను గాని, సొమ్ముతోపాటే చదువును ముగిసెను.

1915లో షికాగో చేరి, యొక క్షౌరశాలలో గోళ్లు దిద్దు పనికి కుదిరెను. ఫ్రాన్సున యుద్ధసేవ చేసి వచ్చిన యన్న జాన్, అచటి స్త్రీలు విమానములు నడపుదురనియు, నీకది చేతగాదనియు పరిహసించెను. ఆ మాటయే యామెకు పట్టుదల యయ్యెను. స్త్రీ యనియు, నల్లజాతిదనియు స్వదేశ పాఠశాల లామెను చేర్చుకొన నిరాకరించెను. ఫ్రాన్సునకు పొమ్మని పత్రికాధిపతి రాబర్ట్ ఆబట్ హితవు చెప్పెను. పగలు గోళ్లు దిద్దిన యా చేతులు ఫ్రెంచి పుస్తకమును పట్టెను.

మేము పాఠశాల గడప త్రొక్కక యింటనే కావ్యములు చదివినవారము. కావున నీ చరిత్రమున విమాన మెక్కుటకంటె నీ ఘట్టమే మాకు హృద్యముగ తోచుచున్నది.

1920 నవంబరులో ఓడ యెక్కి, లె క్రొతువా గ్రామమందలి కోద్రోన్ సోదరుల పాఠశాలలో చేరెను. తోడి విద్యార్థి యొకడు ప్రమాదమున మరణించుట కన్నులార చూచియు వెనుదీయలేదు. 1921 జూన్ 15వ తేదీని అంతర్జాతీయ విమానసంఘపు యోగ్యతాపత్రము నందెను. నల్లజాతి యమెరికా వనితలలో దాని నందిన ప్రథమురా లీమెయే.

స్వదేశమున విమానవిన్యాసములు చూపుచు, తనవారికొక పాఠశాల నెలకొల్పుటకు ధనము కూర్చుచుండెను. 1923లో విమానము కూలి కాలు విరిగినను మాన్పలేదు. తాను పెరిగిన వాక్సహాచీ పట్టణమున ప్రదర్శన జరిగినప్పుడు తెల్లవారికొక ద్వారము, నల్లవారికొక ద్వారము నుంచదలచిరి. ఒకే ద్వారము లేనిచో విమానమెక్క నని యామె పట్టుబట్టెను. ద్వార మొక్కటియే యయ్యెను. లోపలి యాసనములు మాత్రము వేరుగనే యుండెను.

1926 ఏప్రిల్ 30వ తేదీని జాక్సన్‌విల్‌లో యంత్రకారుడు విల్స్ విమానమును నడపుచుండెను. మరునాడు పారాచూటుతో దూకవలసిన తావును చూచుటకై బెస్సీ నడికట్టు పెట్టుకొనక యంచునకు వంగి యుండెను. ఒక రెంచి యంత్రమున చిక్కుకొనగా విమానము తలక్రిందయ్యెను. ఆమె క్రిందపడి మరణించెను. విల్సును విమానముతో కూలి మృతిచెందెను. అప్పటి కామె వయస్సు 34 సంవత్సరములు.

కోరిన పాఠశాలను కన్నులార చూడకయే పోయెను. కాని 1929లో విలియం పవెల్ లాస్ ఏంజెలిసున నామె పేర నొక విమానసంఘమును స్థాపించి, తెల్లవారు కాదన్న వారికి విద్య గరపెను. సోదరీమణులారా! తానార్జించిన విద్య తనతోనే ముగియరాదని తలచుటయే విద్యావతికి భూషణము.