గానుగలోంచి వచ్చిన ‘టాయిల్’

‘హార్డ్ వర్క్’ మనకు బాగా అలవాటైన మాట. ప్రోగ్రెస్ కార్డు నుంచి ఉద్యోగం ఇంటర్వ్యూ దాకా అదే. దాని పక్కనుండే ‘టాయిల్’ని మాత్రం గైడ్లలో ‘శ్రమ’ అని రాసి వదిలేస్తారు. అది చాలదండీ. హార్డ్ వర్క్‌లో మెచ్చుకోలు ఉంది. టాయిల్‌లో ఉన్నది ఒళ్లు హూనమయ్యే చాకిరీ.

నా దగ్గర ఇంగ్లిష్ నేర్చుకునే ఒకమ్మాయికి ఈ తేడాని మైపాడు ఒడ్డునే చూపించాను. రెండు వైపులా జనం నిలబడి పెద్దవల తాళ్లు లాగుతున్నారు. గంటల తరబడి అదే పని, ఒక్కోసారి కూరకి సరిపడా చేపలు కూడా పడవు.

‘‘అయితే మా నాయన చేసేది టాయిలే. మరి కష్టపడ్డారని పేపర్లో ర్యాంకులొచ్చినోళ్ల గురించే రాస్తారేంది సార్?’’ అంది. దానికి ఏ డిక్షనరీలో వెతకాలి?

మాట పుట్టుక మాత్రం చెప్పాను. లాటిన్‌లో ‘టుడిక్యులా’ అంటే ఆలివ్ కాయలు నలిపే చిన్న గానుగ. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకొచ్చింది. కలబెట్టడం, గొడవపడటం అనే అర్థాలు ముందు, శ్రమ తర్వాత. మన గానుగెద్దు చాకిరీకి దూరపు చుట్టమన్నమాట!

వేటగాళ్లు పన్నే వలని కూడా ‘టాయిల్స్’ అంటారు. స్పెల్లింగ్ ఒకటే గానీ ఇది వేరే మాట, నేసిన గుడ్డకి లాటిన్‌లో ఉన్న ‘టేలా’ నుంచి వచ్చింది. ఇది విన్నాక ఆ అమ్మాయి నోట్సులో సొంతంగా ఒక వాక్యం రాసుకుంది: ‘మై ఫాదర్ టాయిల్స్ ఎట్ ద నెట్’.