కింద దుకాణం, పైన కులం

పాత సినిమాహాలో, మూతపడిన రైస్ మిల్లో ఉన్న చోట చిన్న పట్టణాల్లో ఇప్పుడు ఒకే తరహా భవనం లేస్తోంది. సెల్లార్‌లో పార్కింగు, నేల అంతస్తులో దుకాణాలు, ఆపైన బ్యాంకో డయాగ్నస్టిక్ సెంటరో, ఇంకా పైన ఫ్లాట్లు. ప్రణాళికా పరిభాషలో ఇది మిశ్రమ వినియోగ నిర్మాణం. పల్లె నుంచి వచ్చిన దళిత ఉపాధ్యాయుడికి, నర్సుకు ఇందులో సౌకర్యాన్ని మించిన ఆకర్షణ ఒకటుంది. పల్లెలో చిరునామాయే కులం చెబుతుంది. వాడ, గూడెం, పల్లె అన్న ఒక్క మాట చాలు. ఫ్లాటు నంబరు ఏ కులమూ చెప్పదు.

ఆ ఆశ నేల అంతస్తు వరకే నిలుస్తోంది. కింద బట్టల దుకాణంలో ఎవరి డబ్బైనా చెల్లుతుంది. లిఫ్టెక్కి అద్దె ఇల్లు అడిగితే మాత్రం ఇంటిపేరు, సొంతూరు, ఆ ఊళ్లో ఏ వీధి అన్న ఆరా మొదలవుతుంది. చివరికి 'మీరేమిట్లండీ' అన్న ప్రశ్న ఎదురవుతుంది. కులం పేరెత్తి కాదనేవారు అరుదు. 'మా అమ్మాయి వాళ్లే వస్తామంటున్నారు' అంటారు, లేదా 'శాకాహారులకే ఇద్దామనుకున్నాం' అంటారు. ఆదివారం వస్తే కోడికూర తప్పని ఇంటి యజమాని అద్దెదారు విషయంలో శాకాహారవాది కావడం మన పట్టణాల ప్రత్యేకత. ఢిల్లీ పరిసరాల్లో సుఖదేవ్ థోరాట్ బృందం దళితులు, ముస్లింలు, అగ్రవర్ణ హిందువుల తరఫున అద్దె ఇళ్లు అడిగించి చూసింది. మొదటి రెండు వర్గాలకు ఎదురైన తిరస్కరణలు, అదనపు షరతులు 2015లో అధ్యయనంగా అచ్చయ్యాయి. ఎవరు పక్కింట్లో ఉంటారో పట్టని మహానగరంలోనే పరిస్థితి అలా ఉంటే, పావుగంటలో ఎవరి పుట్టుపూర్వోత్తరాలైనా తేలిపోయే పట్టణంలో ఎలా ఉంటుంది?

ఈ అంతస్తుల తేడాకు చట్టంలోనూ మూలాలున్నాయి. రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి కులం కారణంగా ప్రవేశాన్ని నిరాకరించరాదని చెప్పింది. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఆ దుకాణం అన్న మాటకు ఎంతో విశాలమైన అర్థం చెప్పారు. కోరి వచ్చినవారెవరికైనా సేవ అందించడానికి యజమాని సిద్ధపడే చోటు ఏదైనా దుకాణమేనన్నది ఆయన వివరణ. 2011లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటను విస్తృతార్థంలోనే చదివింది. కానీ ఆ జాబితాలో ఇల్లు లేదు. పైగా ఒకే మతస్థులకు సభ్యత్వాన్ని పరిమితం చేసిన అహ్మదాబాద్ జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ బైలాను 2005లో అదే కోర్టు సమర్థించింది.

అలాగని చట్టాలు పూర్తిగా మౌనంగా లేవు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, కొనకుండా, అందులో ఉండకుండా అడ్డుకోవడాన్ని నేరంగా ప్రకటించింది. బాధితులు ఎస్సీలైతే ఆ చర్యకు కారణం అంటరానితనమేనని కోర్టు భావించే వెసులుబాటునూ పన్నెండో సెక్షన్ కల్పించింది. నిజానికి ఇది పదునైన ఆయుధం. అయితే 'అమ్మాయి వాళ్లు వస్తున్నారు' అన్న జవాబు పట్టుకుని పోలీసు స్టేషన్‌కు వెళ్లేదెవరు? ఉద్యోగంలో చేరడానికి నాలుగు రోజుల్లో ఇల్లు కావాల్సిన మనిషి కేసు కంటే మరో టూ-లెట్ బోర్డునే వెతుక్కుంటాడు. అతడు సొంతూళ్లో పోరాడినవాడే కావచ్చు, ఇక్కడ ఒంటరి.

నేల అంతస్తు కూడా కొనేవారికే సమానం. అక్కడ షట్టరు తెరవాలంటే అడ్వాన్సు, గుడ్‌విల్ పేరిట లక్షలు కావాలి. అదే స్థలం ముందు గొడుగు కింద చెప్పులు కుట్టిన మనిషి, భవనం పూర్తయ్యేసరికి పార్కింగుకు అడ్డంగా కనిపిస్తాడు. వీధి విక్రేతల చట్టం 2014లోనే వచ్చింది. ముప్పై రోజుల నోటీసు ఇవ్వకుండా ఖాళీ చేయించరాదని అందులో ఉంది. వాస్తవంలో సెక్యూరిటీ గార్డు మాటే నోటీసు అవుతోంది.

ఈ భవనాలను ప్రభుత్వం అదుపు చేయలేనిదేమీ కాదు. ఐదు వందల చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టులు 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం కింద నమోదు కావాలి. మెజారిటీ ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలల్లో కొనుగోలుదారుల సంఘం ఏర్పడేలా బిల్డరే చూడాలి. కార్పెట్ ఏరియాను అంగుళాలతో సహా నిర్వచించడానికి తాపత్రయపడిన ఆ చట్టం, కులం పేరిట ఇల్లు నిరాకరించడం గురించి ఒక్క మాట చెప్పలేదు. రాష్ట్ర ప్రభుత్వాలకు నియమాలు చేసే అధికారం ఉంది. కులమతాలను బట్టి, తిండిని బట్టి అమ్మకాన్నీ అద్దెనూ నిరాకరించబోమన్న షరతును అమ్మకపు ఒప్పందం నమూనాలోనూ, సంఘం బైలాలలోనూ చేర్చమని రెండు తెలుగు రాష్ట్రాలూ కోరవచ్చు. దళిత సంఘాలు వాడలో శ్మశానం దారి కోసం ఇస్తున్న వినతిపత్రాలతో పాటు ఈ డిమాండును కూడా కలెక్టరు ముందుంచాలి. ప్రస్తుతం చాలా సంఘాల బైలాలు పార్కింగు, నిర్వహణ చందా, నీళ్ల ట్యాంకు, పెంపుడు కుక్కల గురించే మాట్లాడుతున్నాయి.