మెత్తని చక్రం, గట్టి రోడ్డు

హోబీ 16 అనే చిన్న కటమరాన్ బరువు 145 కిలోలు. పొడవు 5 మీటర్ల పైచిలుకు, వెడల్పు 2.41 మీటర్లు. నీటి మీద ఇద్దరు మనుషులు దాన్ని గాలివాటున ఎంత జోరుగానైనా నడిపించగలరు. ఒడ్డుకు చేరాక అదే ఇద్దరు దాన్ని పొడి ఇసుకలో పది గజాలు కదిలించలేరు. కారు ఆగిన చోటికీ అలలు తాకే చోటికీ నడుమ ఉన్న ఆ ఇసుక మేరను దాటించడానికి పుట్టినదే బీచ్ చక్రం. బుడగలా ఉబ్బిన రెండు చక్రాలు, మధ్యన ఒక ఇరుసు, ఇరుసు మీద పడవను ఆనించే రెండు ఊయలలు. చూడటానికి ఇంతే. కానీ ఈ చక్రం ఒక చిక్కును తీరుస్తూ ఇంకో చిక్కును వెంట తెచ్చింది. పడవను ట్రెయిలర్ మీద ఎక్కించి వందల కిలోమీటర్లు తీసుకెళ్లేటప్పుడు ఈ చక్రాలను ఎక్కడ పెట్టాలి, ఎలా కట్టాలి?

దీనికి సమాధానం కావాలంటే ముందు ఆ పడవ, ఆ చక్రం ఎలా పుట్టాయో తెలియాలి.

కాలిఫోర్నియాలో సర్ఫ్ బోర్డులు చేసి పేరు తెచ్చుకున్న హోబీ ఆల్టర్ 1968లో హోబీ 14 అనే జంట దోనెల పడవను మార్కెట్లోకి తెచ్చాడు. తర్వాత కొద్ది కాలానికే దాని పెద్దన్న హోబీ 16 వచ్చింది. రేవు, జెట్టీ, క్లబ్బు సభ్యత్వం ఏవీ లేకుండా, అలల్లోంచే సముద్రంలోకి దూసుకుపోయి అలల మీదుగానే తిరిగి ఇసుక మీదికి రాగల పడవ కావాలన్నది ఆల్టర్ ఆలోచన. మామూలు తెరచాప పడవకు పక్కకు కొట్టుకుపోకుండా అడుగున ఒక పలక ఉంటుంది. ఇసుక మీదికి వచ్చే పడవకు ఆ పలక అడ్డం. అందుకని దోనెల ఆకారంలోనే ఆ పని చేయించాడు. ఒక్కో దోనె లోపలి వైపు ఉబ్బుగా, బయటి వైపు చదునుగా ఉంటుంది. విమానం రెక్క పైకి లేచే సూత్రంతోనే ఆ దోనె గాలి వచ్చే దిక్కుకు ఒత్తిగిలుతుంది. చుక్కాని పలకలు నేల తగిలితే పైకి మడుచుకుంటాయి. అడుగున ఏదీ వేలాడదు కాబట్టి పడవ నేరుగా ఒడ్డెక్కుతుంది.

అక్కడిదాకా బాగానే ఉంది. ఒడ్డెక్కిన పడవను పైకి లాగడం మొదలుపెట్టగానే ఇసుక తన పని మొదలుపెడుతుంది. బీచ్ ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. దాని ముందు ఫైబర్ గ్లాస్ పడవ పైపూత చాలా మెతక. ఈడ్చిన ప్రతిసారీ దోనె అడుగు గీరుకుపోయి, కొన్నేళ్లకు పూత పోయి లోపలి నార బయటపడుతుంది. పాత హోబీ 16ల దోనెల అడుగున మళ్లీ ఫైబర్ గ్లాస్ అతికించిన మరమ్మతు కనిపించడం మామూలే.

మన కోస్తా జాలర్లు ఇదే చిక్కును ఇంకో దారిలో తీర్చుకున్నారు. దుంగలు కట్టిన పాత తెప్పను ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగలను విడివిడిగా పైకి చేర్చి ఆరబెట్టేవారు. బరువును మనుషులు మోయగలిగినంతగా విడగొట్టడం ఎంతో తెలివైన పని. కానీ బోల్టులతో, తీగలతో, రెండు దోనెల నడుమ బిగించిన ట్రాంపోలిన్ గుడ్డతో ఒక్కటిగా నిలిచిన కటమరాన్‌ను రోజూ విప్పి కట్టడం కుదరదు. దానికి చక్రమే కావాలి. అదీ ఇసుకలో దిగబడని చక్రం.

ఆ చక్రానికి మూలం ఎక్కడో మంచు దేశంలో ఉంది. 1930లలో విలియం ఆల్బీ అనే అమెరికన్, భార్య రూత్‌తో కలిసి అలాస్కాలో బడిపంతులుగా పనిచేశాడు. అక్కడి వేటగాళ్లు బరువైన పడవను తీరం మీదికి తెచ్చే పద్ధతి చూసి ఆశ్చర్యపోయాడు. వాళ్లు సీల్ తోళ్లను తిత్తుల్లా ఊది, పడవ కింద పెట్టి దొర్లించారు. గులకరాళ్లు ఉన్నా గుంటలున్నా తిత్తి వాటి మీద ఒదిగిపోయి ముందుకు సాగింది. ఆల్బీ ఆ దృశ్యాన్ని మరిచిపోలేదు. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలో రోలిగాన్ అనే బండి తయారీకి దిగాడు. దాని చక్రాలు పీపాల్లాంటి రబ్బరు తిత్తులు, వాటిలో గాలి పీడనం అతి తక్కువ. నేల మీద పడుకున్న మనిషి మీదుగా ఆ బండిని నడిపి, మనిషి నవ్వుతూ లేవడాన్ని ఫొటోలు తీసి చూపించారు. అలాస్కా ఉత్తర కొసలో, మంచు కింద మెత్తగా ఉండే నేల చెడకుండా సరుకులు చేరవేయడానికి ఆ జాతి బండ్లే ఆ తర్వాత పనికొచ్చాయి. పడవను ఒడ్డెక్కించే ఉపాయంలోంచి ఒక బండి పుట్టి, ఆ బండి వెనకున్న సూత్రం మళ్లీ పడవను ఒడ్డెక్కించే పనికే రావడం ఈ యంత్రం కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

అంతకు ముందే, 1920ల చివర నుంచి ఈజిప్టు, లిబియా ఎడారుల్లో ఫోర్డు కార్లు నడిపిన బ్రిటిష్ సైనిక ఇంజనీరు రాల్ఫ్ బాగ్నోల్డ్‌కు కూడా ఇది అనుభవంలోకి వచ్చింది. మెత్తని ఇసుక ఎదురైతే టైర్లలో గాలి తగ్గించాలి. ఇసుక కదలిక మీద ఆయన 1941లో ప్రచురించిన గ్రంథం ఇప్పటికీ ఆ శాస్త్రానికి పునాది. 1970లో హోండా తెచ్చిన మూడు చక్రాల బండి కూడా బుడగ టైర్ల మీదే ఇసుకలోకి దిగింది.

సూత్రం చాలా తేలిక. పలచటి, మెత్తని టైరు నేలను ఎంత ఒత్తిడితో నొక్కుతుందో లోపలి గాలి పీడనమే దాదాపుగా చెప్పేస్తుంది. బీచ్ చక్రంలో ఉండేది సాధారణంగా 2 నుంచి 4 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు. కారు టైరులో 32 దాకా ఉంటుంది. హోబీ 16 బరువు రెండు చక్రాల మీద పడితే ఒక్కోదానికి సుమారు 75 కిలోలు. 3 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు 0.21 కిలో. కాబట్టి ఆ చక్రం 350 చదరపు సెంటీమీటర్ల మేర చదునుగా పరుచుకుని బరువు మోస్తుంది. నడిచే మనిషి ఒంటికాలి మీద ఉన్న క్షణంలో పాదం కింద ఒత్తిడి దీనికి రెట్టింపు ఉంటుంది. అంటే పడవను లాగే మనిషి కాలు దిగబడిన చోట పడవ చక్రం పైపైన సాగిపోతుంది. అదే బరువును కారు టైరు మీద పెడితే అరచేతిలో సగమంత చోటు మీద పడి చక్రం కూరుకుపోతుంది.

అమెరికాలో క్యాట్ ట్రాక్స్ అనీ, వీలీజ్ అనీ రకరకాల పేర్లతో దొరికే ఈ చక్రాలను చాలావరకు పాలీయురితేన్‌తో చేస్తారు. ఇరుసు అల్యూమినియం గొట్టం. తిరిగే చోట బాల్ బేరింగులు ఉండవు, ప్లాస్టిక్ బుష్ ఉంటుంది. ఉప్పునీరు, ఇసుక కలిసి ఉక్కు బేరింగును ఎంతోకాలం బతకనివ్వవు కాబట్టి అదే సరైన ఎంపిక. చక్రం జారిపోకుండా కొసన ఒక పిన్ను. నడక వేగంలో, మనిషి లాగుతుంటే, వంద గజాలు తిరగడానికి చేసిన వస్తువు ఇది. ట్రెయిలర్ చక్రం బదులు దీన్ని కాసేపు వాడుకోవచ్చేమో అని ఎవరికైనా అనిపిస్తే ఆ ఆలోచన మానుకోవాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ప్లాస్టిక్ బుష్ రాపిడి వేడికి కరిగిపోతుంది, మెత్తని గోడ మడతలు పడి చిరుగుతుంది.

ఇక రోడ్డు సంగతి. అమెరికాలో అంతర్రాష్ట్ర రహదారుల మీద వాహనం వెడల్పు 96 అంగుళాలు, అంటే 2.44 మీటర్లు మించకూడదని 1956 చట్టం హద్దు గీసింది. 1982లో దాన్ని 102 అంగుళాలకు పెంచారు. 2.41 మీటర్ల హోబీ 16 పాత హద్దులోనే ఇమిడిపోతుంది, విప్పకుండా ట్రెయిలర్ ఎక్కుతుంది. 3.05 మీటర్ల వెడల్పున్న ఒకప్పటి ఒలింపిక్ పడవ టోర్నడోను విప్పాలి, లేదా ఒక పక్కకు వాల్చి కట్టాలి. ట్రెయిలర్ మీద దోనెలు ఆనేవి చిన్న రోలర్ల మీద. బీచ్ చక్రాల ఇరుసు ఇంచుమించు పడవంత వెడల్పు, కారు డిక్కీలో పట్టదు. అందుకే చాలామంది చేసే పని, మొత్తం బండిని అలాగే ట్రాంపోలిన్ మీద పడేసి రెండు పట్టీలు బిగించడం.

ఇది అన్నిటికన్నా తేలిక పద్ధతి, అన్నిటికన్నా చెడ్డదీ ఇదే. ఇసుకలో ఈ చక్రానికి బలమైన గుణమేదో, రోడ్డు మీద అదే దాని బలహీనత.

మొదటిది గాలి తోపు. అర మీటరు వ్యాసమున్న చక్రం ముఖం ఎదురుగాలికి అడ్డంగా ఉంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో దాని మీద సుమారు 10 కిలోల బరువంత తోపు పడుతుంది. చక్రం సొంత బరువు కన్నా ఇది ఎక్కువ. వేగం సగానికి తగ్గిస్తే తోపు పావు వంతుకు పడిపోతుంది. చక్రాన్ని ఇరుసు మీదే వదిలేస్తే గాలికి తిరుగుతూ, పొడిగా ఉన్న బుష్‌ను అరగదీస్తుంది. అదురుకు ఇరుసు కొసలు ట్రాంపోలిన్ నేతను కోసేస్తాయి. పిన్నులు ఊడి ఎక్కడ పడ్డాయో తెలియదు.

రెండోది వేడి, అసలు శాస్త్రం ఇక్కడే ఉంది. వాయువు పీడనం పెరిగేది పీఎస్ఐ గేజీ చూపే అంకె మీద కాదు, బయటి వాతావరణపు 14.7ను కూడా కలిపిన మొత్తం మీద. పొద్దున 25 డిగ్రీల వేడిలో 3 పీఎస్ఐ నింపిన చక్రం, ఎండలో 60 డిగ్రీలకు చేరితే గేజీలో 5 చూపిస్తుంది. దాదాపు డెబ్బై శాతం పెరుగుదల. కారు టైరులో అదే వేడికి 32 కాస్తా 37, 38 అవుతుంది, అంతే. తక్కువ గాలితో బతికే చక్రానికి ఎండ ఇన్ని రెట్లు బరువు. పడవ తెల్లగా మెరుస్తూ ఎండను తిప్పికొడుతుంది, నల్లని ట్రాంపోలిన్ మీద ఉన్న చక్రానికి ఆ అదృష్టం లేదు.

మూడోది ఎత్తు. కాలిఫోర్నియా సియెర్రా కొండల్లో హంటింగ్టన్ సరస్సు సముద్ర మట్టానికి సుమారు 2,120 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలో అక్కడ తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. అంత ఎత్తులో వాతావరణ పీడనం 11.4 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. తీరంలో 3 నింపుకుని బయల్దేరిన చక్రంలో, పైకి చేరేసరికి బయటి ఒత్తిడి తగ్గినంతా లోపలి మిగులుగా తేలుతుంది. చక్రం ఉబ్బదనుకుంటే గేజీ 6 దాటి చూపిస్తుంది. సాగే గుణం ఉంది కనుక నిజంలో కాస్త తక్కువే ఉండవచ్చు, అయినా తయారీదారు చెప్పిన హద్దు దాటిపోవడం ఖాయం. తిరుగు ప్రయాణం ఇంకా విచిత్రం. సరస్సు దగ్గర 3 నింపి కిందికి దిగితే, తీరం చేరేసరికి చక్రం పూర్తిగా వాడిపోతుంది. ఆ చక్రం మీదుగా పట్టీ బిగించి ఉంటే, ఘాట్ రోడ్డు దిగుతుండగా ఆ పట్టీ తనంతట తానే వదులవుతుంది. ఎవరూ ముట్టుకోలేదు, ముడి ఊడలేదు, కానీ పట్టులేదు. వెనక వచ్చే వాహనానికి ఇది ప్రాణాంతకం.

అందువల్ల ఈ చక్రాలను తీసుకెళ్లేటప్పుడు పాటించాల్సిన మొదటి నియమం, పట్టీ ఎప్పుడూ టైరు మీదుగా పోకూడదు. గాలి మారితే మారే భాగాన్ని నమ్ముకుని బిగువు నిలవదు. ఇరుసునో చక్రం నడిమి గట్టి భాగాన్నో పట్టుకుని కట్టాలి. బయల్దేరే ముందు వేలితో నొక్కితే లోపలికి పోయేంతగా గాలి తీసెయ్యాలి. మొత్తం ఖాళీ చేస్తే గోడలు మడతపడి ఒకదానికొకటి రాసుకుంటాయి కనుక కొంత ఉంచడం మంచిది.

ఎక్కడ కట్టాలన్నది బరువు లెక్క. ట్రెయిలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కారు కొక్కెం మీద పడాలి. అంతకన్నా తగ్గితే ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. పడవ, సరంజామా కలిపి 350 కిలోలున్న ట్రెయిలర్‌కు ఆ పది శాతం 35 కిలోలు. 18 కిలోల బీచ్ చక్రాల జతను ట్రెయిలర్ ఇరుసుకు 2 మీటర్లు వెనక వేలాడదీస్తే, కొక్కెం ఇరుసుకు 4 మీటర్లు ముందుంటే, కొక్కెం మీద 9 కిలోలు తగ్గిపోతాయి. ఉన్న భద్రతలో పావు వంతు పోయినట్టే. అదే జతను ముందు వైపు, కారుకు తగిలించే ఇనప దూలం మీద పెడితే లెక్క మనకు అనుకూలం. ఆ దూలాన్ని మన బండి భాషలో నొగ అనుకోవచ్చు.

నాకు సరైనదనిపించే ఏర్పాటు ఇది. చక్రాలను ఇరుసు నుంచి విడదీసి, నొగ మీద నిలబెట్టిన చిన్న ఇనప కడ్డీలకు గుచ్చాలి, స్పేర్ టైరు పెట్టినట్టు. అంచు గాలికి ఎదురుగా ఉండేలా గుచ్చితే తోపు తగ్గుతుంది. నడిమి రంధ్రంలోంచి తాడు పోనిచ్చి తిరగకుండా బిగించాలి. ఇరుసు గొట్టాన్ని దూలం పక్కన పీవీసీ పైపులో దూర్చి మూత పెట్టాలి. పిన్నులను ఒక డబ్బాలో వేసి కారులో ఉంచుకోవాలి. కారు ఆపిన ప్రతిసారీ పట్టీలను చేత్తో లాగి చూడాలి. కారులో చోటుంటే చక్రాలను లోపలే పెట్టుకోవడం ఇంకా మేలు, పాలీయురితేన్‌ను కాలక్రమాన పెళుసుబార్చేది ఎండలోని అతినీలలోహిత కిరణాలే.

చేరాక చేయాల్సిన ఒక్క పనిలో తొందరపడకూడదు. పెట్రోలు బంకులోని కంప్రెసర్ 30, 40 పీఎస్ఐ టైర్ల కోసం పెట్టింది. దాన్ని ఈ చక్రానికి తగిలిస్తే రెండు మూడు క్షణాల్లో హద్దు దాటిపోతుంది, టైరు అంచు దగ్గర పగులుతుంది. చేతి పంపుతోనో కాలి పంపుతోనో నెమ్మదిగా నింపాలి. గేజీ కూడా తక్కువ పీడనాలు చూపేదే వాడాలి. 60 దాకా గీతలున్న కారు గేజీ మీద 2కూ 4కూ తేడా కంటికి ఆనదు. పడవను ఎక్కించాక చక్రం కొద్దిగా పరుచుకున్నట్టు కనిపిస్తే గాలి సరిపోయింది.