గోల్డ్‌ఫిష్‌కు తగిన తొట్టి

దుకాణంలో అంగుళంన్నర పొడవుతో మెరిసే గోల్డ్‌ఫిష్ ఇంకా పిల్ల చేపే. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి, బంగారు తీగలకు అది దగ్గరి చుట్టం. దాదాపు వెయ్యేళ్ల కిందట చైనాలో చెరువు చేపల నుంచి పసుపు, ఎరుపు రంగు తేలినవాటిని ఏరి పెంచగా వచ్చిన జాతి ఇది. బొద్దుగా, రెండు తోకలతో ఉండే ఒరాండా, ఫాన్‌టెయిల్ వంటివి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దాకా ఎదుగుతాయి. సన్నగా, ఒంటి తోకతో ఉండే కామెట్ రకాలు అడుగు దాకా పోగలవు. సరిగా చూస్తే పది, పదిహేనేళ్లు బతకడం మామూలే. ఇంగ్లండులో 1956లో ఒక తిరునాళ్ల ఆటలో బహుమతిగా వచ్చిన ‘టిష్’ అనే చేప 1999 వరకు, అంటే 43 ఏళ్లు బతికింది. కాబట్టి తొట్టి కొలత చూడాల్సింది నేటి పిల్లను బట్టి కాదు, రేపటి చేపను బట్టి.

గుండ్రటి గాజు గిన్నె సినిమాల్లో చూడటానికి బాగుంటుంది గానీ అందులో చేపకు ఊపిరాడదు. ఆక్సిజన్ నీటి పైభాగం నుంచే లోపలికి దిగుతుంది. గిన్నె మూతి ఇరుకు, పట్టే నీళ్లు తక్కువ, ఫిల్టర్ పెట్టే చోటు ఉండదు. ఇటలీలోని రోమ్ నగరం 2005లో ఇలాంటి గిన్నెల్లో చేపలు పెంచడాన్ని నిషేధించింది. ‘తొట్టి ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుంది’ అనే మాట చాలామంది నమ్ముతారు. ఇరుకులో చేప ఎదగకపోవడం నిజమే. అది సర్దుకుపోవడం మాత్రం కాదు, మురికి నీటిలో గిడసబారిపోవడం.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టిలో 56 లీటర్లు పడతాయి. పిల్ల చేపకు కొన్నాళ్ల మజిలీగా తప్ప అది చాలదు. మూడడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు ఉంటే సుమారు 190 లీటర్లు. రెండు బొద్దు చేపలకు ఇది హాయిగా సరిపోతుంది. కామెట్‌లకు నాలుగడుగులు దాటిన తొట్టి గానీ, పెరట్లో నీడపట్టున సిమెంటు తొట్టి గానీ మేలు. ఎత్తు కంటే వెడల్పుకే డబ్బు పెట్టాలి. 190 లీటర్ల నీళ్లంటే 190 కిలోలు. గాజు, రాళ్ల బరువు అదనం. అందువల్ల గట్టి స్టాండు కావాలి. ఒక మూల కాస్త పల్లంగా ఉన్నా అద్దం పగిలే ప్రమాదం ఉంది కనుక మట్టం చూసి, కింద థర్మోకోల్ షీటు పరచడం వాడుక. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెడితే వారంలో నీళ్లు ఆకుపచ్చగా మారతాయి.

అసలు పని చేప రాకముందే ఉంది. చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది, అది దానికే విషం. నీటిలో ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. దాన్ని చేప కొంతవరకు తట్టుకుంటుంది. ఈ బాక్టీరియా ఎక్కువగా కాపురముండేది ఫిల్టర్‌లోని స్పాంజిలో, సిరామిక్ ముక్కల్లో. కొత్త తొట్టిలో అవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ కాలమంతా ఫిల్టర్ ఆడిస్తూ, ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తే అది కుళ్లి బాక్టీరియాకు ఆహారమవుతుంది. జబ్బులేని పాత తొట్టి నుంచి స్పాంజి ముక్క తెచ్చి పెడితే ఇంకా తొందరగా జరుగుతుంది. చుక్కల మందుతో చేసే పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తేనే తొట్టి సిద్ధమైనట్టు. కొత్త చేపలు వారం తిరగకుండానే చనిపోవడానికి చాలా ఇళ్లలో కారణం ఈ ఓపిక లేకపోవడమే. నింద మాత్రం దుకాణదారు మీద పడుతుంది.

ఇదే కారణంగా ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకూడదు. క్లోరిన్‌కు బాక్టీరియా చస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండి మళ్లీ పెట్టాలి. వారానికోసారి పాతిక నుంచి ముప్పై శాతం నీళ్లు మారిస్తే చాలు. తొట్టి మొత్తం ఖాళీ చేసి సబ్బుతో రుద్దడమంటే మళ్లీ మొదటికి రావడమే. మున్సిపల్ నీళ్లకు క్లోరిన్ విరిచే మందు కలపాలి. బోరు నీళ్లు కాస్త కఠినంగా ఉన్నా గోల్డ్‌ఫిష్‌కు ఇబ్బంది లేదు. ఒక రోజు బకెట్లో గాలి కొట్టించి వాడుకోవచ్చు. ఖనిజాలు పోయిన ఆర్ఓ నీటిని ఒంటరిగా వాడటమే తప్పు.

గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప. 18 నుంచి 24 డిగ్రీలు దానికి సుఖం. హీటర్ అక్కర్లేదు. మన వేసవి మాత్రం దానికి పరీక్ష. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా విషం పెరుగుతుంది. మే నెలలో మేత తగ్గించి, ఎయిర్ స్టోన్ రాత్రింబవళ్లు ఆడించి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తప్పనిసరి.

అడుగున సన్నని ఇసుక గానీ, నోట్లో పట్టనంత పెద్ద గులకరాళ్లు గానీ వేయాలి. మధ్యరకం రాళ్లు గొంతులో ఇరుక్కుంటాయి. లేత మొక్కలను చేప తినేస్తుంది కాబట్టి ఆకు మందంగా ఉండే అనుబియాస్, జావా ఫెర్న్ నిలుస్తాయి. గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం లేదు. అందుకే రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయాలి.

చేపను తెచ్చిన రోజు సంచిని విప్పకుండా తొట్టి నీటిపై పావుగంట తేలనివ్వాలి. తర్వాత కొంచెం కొంచెంగా తొట్టి నీళ్లు సంచిలో కలుపుతూ, చివరికి చేపను మాత్రం చిన్న వలతో వదలాలి. సంచి నీళ్లు తొట్టిలో పోయకూడదు. ఆ రోజుకు దీపం ఆర్పి, మేత వేయకుండా వదిలేయాలి. రెండో చేపను తేవాలంటే కనీసం రెండు వారాలు ఆగి, నీటిని మరోసారి పరీక్షించుకున్న తర్వాతే.